పడి లేచిన వైమానికులకు విమానపుర

1999 మే 27. కార్గిల్ కొండల మీద మన వాయుసేన దాడులు మొదలుపెట్టిన మరునాడు. బటాలిక్ ప్రాంతంలో శత్రు స్థావరాల మీద రాకెట్లు వదిలిన మిగ్-27 ఇంజిను ఉన్నట్టుండి ఆగిపోయింది. నడుపుతున్నది పాతికేళ్ల ఫ్లయిట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత. ఇంటిపేరు వినగానే మనవాడేనని తెలుస్తుంది. ఎంత ప్రయత్నించినా ఇంజిను అందుకోలేదు. సీటుతో సహా బయటికి ఎగిరి, పారాచూట్‌తో మంచులో దిగి, చేతనున్న పిస్తోలుతో ఎదిరించి, చివరికి పాకిస్తాన్ సైనికులకు చిక్కాడు. ఆయన్ను వెతుకుతూ వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహుజా విమానాన్ని క్షిపణి కూల్చేసింది. అహుజా ప్రాణాలతో తిరిగి రాలేదు. నచికేతను జూన్ 3న రెడ్‌క్రాస్‌కు అప్పగించారు.

బందీ ఇల్లు చేరాడంటే కథ సుఖాంతమైందనుకుంటాం. పైలట్‌కు అప్పుడే ఇంకో పరీక్ష మొదలవుతుంది. మళ్లీ ఎగరనిస్తారా, లేదా? ఆ మాట తేల్చే చోటు హోసూరు నుంచి నలభై కిలోమీటర్ల దూరమే. బెంగళూరు పాత విమానాశ్రయం దగ్గర, విమానపురలో ఉన్న వాయుసేన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ అది. హోసూరువాళ్లకు విమానాలు కొత్తేమీ కాదు. బెళగొండపల్లిలో తనేజా వారి రన్‌వే మన కళ్లముందే ఉంది. హెచ్‌ఏఎల్ అంటే తెలియనివాళ్లు లేరు. ఆ పక్కనే ఉన్న ఈ సంస్థ పేరు మాత్రం మనలో చాలామంది విననే లేదు. ఈ ఉత్సవ సంచికలో దీని గురించి రాయాలని నేను పట్టుబట్టింది అందుకే.

1957లో, జెట్ యుద్ధవిమానాలు మన వాయుసేనలో పెరుగుతున్న రోజుల్లో, ఇది విమాన వైద్య పాఠశాలగా మొదలైంది. జెట్ వేగానికి యంత్రం తట్టుకుంటుంది, మనిషి తట్టుకోవాలి కదా! గాలి పీడనం తగ్గించే గదిలో పైలట్‌ను కూర్చోబెట్టి, పాతికవేల అడుగుల ఎత్తున్నట్టు చేసి, ఆక్సిజన్ మాస్కు తీయిస్తారు. కాగితం మీద చిన్న తీసివేత లెక్కలు చేయమంటారు. కాసేపటికి అంకెలు వంకర్లు పోతాయి, గోళ్లు నీలం తిరుగుతాయి. తనకు మాత్రం అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ప్రమాదమంతా ఆ అనిపించడంలోనే ఉంది. దాన్ని నేలమీదే గుర్తుపట్టడం నేర్పుతారు. గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో శరీరం బరువు ఎన్నో రెట్లై, రక్తం కాళ్లలోకి దిగిపోయి, చూపు మసకబారుతుంది. కాళ్లూ పొట్టా బిగబట్టి, ఊపిరిని అదుపుచేసి తెలివి నిలుపుకోవడం అక్కడ అభ్యాసం చేయిస్తారు.

సీటుతో సహా బయటపడే ఎజెక్షన్ సంగతి మరీ కఠినం. హ్యాండిల్ లాగిన క్షణంలో సీటు పైకి దూసుకుపోతుంది. శరీరం బరువుకు పది పదిహేను రెట్ల భారం వెన్ను మీద పడుతుంది. నడుము నిటారుగా, తల వెనక్కి ఆనించి లేకపోతే వెన్నుపూస చితికిపోతుంది. సరిగ్గా కూర్చున్నా ఒక్కోసారి చితుకుతుంది. అందుకే ప్రాణాలతో దిగినవాడి వెన్నెముకను ఈ సంస్థ డాక్టర్లు అంత నిశితంగా చూస్తారు. 2019 ఫిబ్రవరి 27న శత్రు భూభాగంలో పడి, మార్చి 1న తిరిగొచ్చిన పైలట్ అభినందన్ వర్ధమాన్‌కు మళ్లీ ఎగరడానికి అనుమతి దొరికింది ఇక్కడే, ఆ ఆగస్టులో. మరుసటి నెలలోనే ఆయన మిగ్-21 ఎక్కారు.

నచికేతకు ఆ భాగ్యం లేకపోయింది. వెన్ను దెబ్బ వల్ల యుద్ధవిమానాలకు దూరమై, రవాణా విమానాలు నడిపారు. ఎగరాలని తపించేవాడికి ‘వద్దు’ అని చెప్పడం ఎంత కష్టమైనా, ఆ మాట నిక్కచ్చిగా చెప్పే డాక్టరే పైలట్‌కు నిజమైన ఆప్తుడని నా నమ్మకం.

అంతరిక్షానికి వెళ్లిన రాకేశ్ శర్మనూ, గగన్‌యాన్ వ్యోమగాములనూ వడపోసింది కూడా ఈ సంస్థే. ఏరోస్పేస్ మెడిసిన్‌లో ఎండీ చదువు ఇక్కడే చెబుతున్నారు. హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట బడుల్లో పాఠాలు చెప్పే అయ్యవార్లకు ఒక్క మనవి. డాక్టరవుతానని ఒకడూ, పైలటవుతానని ఇంకొకడూ అన్నప్పుడు, ఈ రెండూ కలిసే చదువొకటి మన పక్క ఊళ్లోనే ఉందని ఆ పిల్లలకు చెప్పండి.