మబ్బు కట్టే ఎత్తు

మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటూరు దగ్గరి నల్లపాడు చుట్టుపట్ల కల్లాల్లో మిర్చి ఆరుతుంటుంది. పొద్దు తిరిగాక గోపురంలా మబ్బు లేచిందంటే ఇంటిల్లిపాదీ పట్టాలు కప్పడానికి పరుగెత్తాల్సిందే. తడిసిన కాయ రంగు దిగిపోతుంది, యార్డులో ధర పలకదు.

ఆ మబ్బు ఎందుకు కట్టిందో తేలడానికి శతాబ్దాలు పట్టింది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘం గర్భం దాల్చే లక్షణాలు రాశాడు. రైతులు మృగశిర, ఆరుద్ర అంటూ కార్తెలతో అంచనా కట్టారు. అదంతా కాలం లెక్క. ఎత్తు లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. 1802లో లండన్‌లో మందుల వ్యాపారి లూక్ హోవర్డ్ మబ్బులను రకాలుగా విడదీసి పేర్లు పెట్టాడు. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, 1841 నాటి గ్రంథంలో, అమెరికావాడు జేమ్స్ ఎస్పీ అసలు గుట్టు విప్పాడు. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వెలువడే వేడి మబ్బును ఇంకా పైకి తోస్తుంది. మెట్ట రైతుకు ఇంతకన్నా పనికొచ్చే మాట వాతావరణ శాస్త్రంలో లేదని నా నమ్మకం.

లెక్క వేసి చూడండి. మబ్బు కట్టకముందు, పైకి లేచే గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. మే నెలలో ఎండ 42 డిగ్రీలుండి, నేల దగ్గరి గాలిలో ఆవిరి నీరు కావడానికి 22కు దిగాల్సి ఉంటే, పైకి పోయేకొద్దీ ఆ 22 కూడా కొంత దిగుతుంది కాబట్టి, మబ్బు అడుగు సుమారు 2,500 మీటర్ల మీద ఉంటుంది. ఆగస్టులో ఆ అంకెలు 32, 25 అయితే 900 మీటర్లే. ఎండాకాలపు చినుకులు చాలాసార్లు దారిలోనే ఆవిరైపోవడం అందుకే.

మన ఆకాశంలో దాదాపు 5 కిలోమీటర్ల పైన నీరు గడ్డకట్టే చలి. అక్కడి మంచు స్ఫటికాలు ఆవిరిని లాక్కుని బరువెక్కి వానవుతాయని 1933లో వాతావరణ శాస్త్రవేత్త బెర్జెరాన్ వివరించాడు. 1946లో షేఫర్ అనే పరిశోధకుడు విమానం నుంచి మబ్బుల్లో పొడి మంచు చల్లి చూశాడు. 2000 దశకంలో మన రాష్ట్రంలోనూ మేఘమథనం చేశారు. ఉన్న మబ్బును కురిపించే యత్నమే అది. గాలిని పైకి లేపే బలం దానికి లేదు.

ఆ బలం కొండలది. కొండవీడు గుట్టలు అందుకు చాలవు. అరేబియా సముద్రపు గాలి పడమటి కనుమలెక్కి చల్లబడి, 1,300 మీటర్లకు పైనున్న మహాబలేశ్వరం దగ్గర కుండపోతగా కురుస్తుంది. ఇవతలికి దిగేసరికి వేడెక్కి పొడిబారుతుంది. కృష్ణ పుట్టేది ఆ కొండల్లోనే. 1967 నుంచి ఆ నీరే నాగార్జునసాగర్ కుడికాలువలో గుంటూరు, ప్రకాశం చేలకు వస్తోంది.