చెరగిన గీతలు – చూడనేర్చిన యంత్రములు

చిత్రము పూర్తియైన తరువాత మనకు కనబడేది చిత్రకారుని నిర్ణయము. అంతకు ముందు అతడు గీచుకొన్న గీతలలో కనబడేది అతని ఆలోచన. అందుచేతనే ఐరోపా ఖండమున 15, 16 శతాబ్దములలో, అనగా పునరుజ్జీవన యుగమున, వెలసిన మహాచిత్రకారుల రేఖాచిత్రములను పండితులు శ్రద్ధతో భద్రపరచి చదువుచున్నారు. నేడు ఆ చదువునకు కెమెరాయు, కంప్యూటరును తోడైనవి.

లియొనార్డో డావిన్సీ (1452–1519) కథ ఒకటి చెప్పుకొనదగినది. 1481 ప్రాంతమున ఫ్లారెన్సు సమీపమందలి ఒక మఠము వారి కొరకు, బాలక్రీస్తును జ్ఞానులు దర్శించిన ఘట్టమును చిత్రించుటకు అతడు పూనుకొన్నాడు. ముందుగా చేతుల భంగిమలను లోహపు ములుకుతో కాగితముపై గీచి చూచుకొన్నాడు. ఆ కాగితములు ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్నవి. వట్టి కంటికి అవి ఖాళీ కాగితములవలెనే తోచును. అతినీలలోహిత కాంతి క్రింద పెట్టగా చేతులు ప్రత్యక్షమైనవి! పిమ్మట ఎక్స్ కిరణములతో పరీక్షింపగా, ఆ ములుకులో రాగి ఎక్కువగా ఉన్నదనియు, అది కాలక్రమమున రంగులేని లవణముగా మారుటచేత గీతలు మాయమైనవనియు తేలినది.

ఇట్టిదే మరియొక ఉపాయము పరారుణ కాంతి. ఇది అనేక రంగుల పొరలను దాటిపోవును; బొగ్గుతోను మసితోను గీచిన గీత మాత్రము దానిని పీల్చుకొని నల్లగా నిలుచును. కనుక రంగు క్రింద దాగిన తొలిగీతయు, చిత్రకారుడు మనసు మార్చుకొని దిద్దిన చోటులును బయటపడును. ఎర్రమట్టితో గీచిన గీతలు మాత్రము ఈ కాంతికి చక్కగా చిక్కవు. ప్రతి సాధనమునకు దాని హద్దు దానికి కలదు.

ఇక మన వైపు చూతము. రోమునగరమున మైకెలాంజిలో 'తుదితీర్పు' చిత్రమును 1536–41 మధ్య వేసినాడు. ఇంచుమించు ఆ కాలముననే, అచ్యుతదేవరాయల పాలనలో (1529–42), విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు లేపాక్షి వీరభద్రాలయమును కట్టించినారు. అచ్చటి మండపముల కప్పులపై గిరిజాకల్యాణము, కిరాతార్జునీయము, మనునీతిచోళుని కథ నేటికిని చూడవచ్చును. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులలో స్త్రీల చీరల అంచులు సైతము కండ్లకు కట్టినట్లుండును. రంగు రాలిన చోట్ల గీతయే మనకు మిగిలిన సాక్షి. మైకెలాంజిలో పేరు లోకమంతకు తెలియును. లేపాక్షి చిత్రకారుల పేర్లు మనకు దక్కలేదు. ఆ గీతయే వారి సంతకము. హిందూపురము స్టేషనులో దిగినవారికి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లే. పిల్లలకు తప్పక చూపదగిన చోటు.

అంత దూరము పోనక్కరలేదు. మనము ఉద్యోగధర్మమున వచ్చి చేరిన ఈ కృష్ణగిరి జిల్లాలోనే, బర్గూరు సమీపమున మల్లప్పాడి కొండరాతిపై తెల్లరంగుతో వేసిన ప్రాచీన చిత్రములు కలవు. గుఱ్ఱములపై ఎదురుబొదురుగా పోరాడు యోధులు అందున్నారు. ఇట్టి రాతిచిత్రముల కొరకే అమెరికా గణితవేత్త జాన్ హార్మన్ 'డీ-స్ట్రెచ్' అను కంప్యూటరు సాధనమును తయారుచేసినాడు. ఫోటోలోని రంగుల మధ్య ఉన్న స్వల్పభేదమును అది పెంచి చూపును. ఎర్రరంగు చిత్రములకు మిక్కిలి ఉపయోగకరము.

ఈ ప్రాంతపు వీరగల్లులను పల్లెవారు 'వేడియప్పన్' అని నేటికిని కొలుచుచున్నారు. వాని అరిగిన చెక్కడమును చదువుటకు వేరొక పద్ధతి ఉన్నది. టామ్ మాల్జ్‌బెండర్ 2001లో ప్రకటించినది. కెమెరాను కదపక, దీపమును మాత్రము ఒక్కొక్క దిక్కున ఉంచి అనేక ఫోటోలు తీయుదురు. తరువాత కంప్యూటరులో వెలుగును కోరిన వైపు త్రిప్పుకొని చూచుటయే. పక్కవాటు వెలుగులో లోతుతక్కువ అక్షరము కూడ నీడవేసి పలుకును.

అయితే యంత్రము ఉన్న గీతనే చూపగలదు. పగిలిపోయిన బండపై చూపుటకు దానికి ఏమియు ఉండదు. ఈ జిల్లా గ్రానైటు రాతికి పేరుపడినది, కొండలు కరుగుచున్నవి. భక్తితో పూసిన ఆయిలు పెయింటు సైతము చెక్కడమును కప్పివేయును. కనుక సంఘసభ్యులకు నాదొక మనవి. పాతరాయి కనబడిన చోట సుద్దముక్కతో అక్షరములు దిద్దవద్దు, నీళ్లు పోసి రుద్దవద్దు. ఒక కొలబద్దను ప్రక్కన ఉంచి, నాలుగు వైపుల నుండి టార్చి వెలుగు వేసి, సెల్‌ఫోనుతోనే ఫోటోలు తీయుడు. ఊరిపేరు, తేదీ వ్రాసి కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియమువారికి అందజేయుడు. ఆ రాతిపై ఉన్నది తెలుగా, తమిళమా, కన్నడమా అని ముందుగా చూడనక్కరలేదు. మనకు అన్నము పెట్టుచున్న నేల చరిత్ర మనదియు గదా!

ఈ ఉగాదినాడు పంచాంగశ్రవణముతో రాబోవు ఏటిని వినుచున్నాము. గడచిన ఏండ్లు రాళ్లపై వ్రాసి ఉన్నవి. వానిని కూడ చదివి పిల్లలకు వినిపింతము.