బండి విఱిగిన దోషమెవ్వరిది?

త్రోవలో బండి విఱిగి ప్రాణహాని కలిగినచో దోషమెవ్వరిది? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. మనుస్మృతి అష్టమాధ్యాయమున, ఎద్దు ముక్కుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసుగాని చక్రముగాని భగ్నమైనను తోలువానికిని, బండి యజమానునికిని దండనము లేదని యున్నది. తోలువాని నేర్పులేమిచే బండి ప్రక్కకుఁ బోయి హాని కలిగినచో మాత్రము యజమానునికి 200 పణములు దండుగ.

కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున నావల విషయమై వేఱుగా విధించెను. తగిన పనివారుగాని పరికరములుగాని లేకయో, బాగుచేయింపకయో విడిచిన నావ చెడినచో, ఆ నష్టమును నావధ్యక్షుఁడే యిచ్చుకొనవలెను. అనఁగా విఱుగుట దైవికము కాదు. బయలుదేఱకమునుపు చూడకపోవుటయే దోషము.

1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ఈ పక్షమునే గ్రహించినది. యోగ్యతాపత్రము లేని కిరాయి బస్సునకును, సరకుల లారీకిని రిజిస్ట్రేషను చెల్లదని 38వ సెక్షను. 1988వ సంవత్సరపు చట్టమున 56వ సెక్షనును అదియే.

అయినను పత్రము పరీక్ష జరిగిన దినమునకే సాక్షి. నిన్న బిగించిన మరచీల నేఁడు వదులు కావచ్చును. కావున బ్రేకులు, టైర్లు, చక్రముల మరచీలలు, దీపములు ప్రతిదినమును బయలుదేఱకమునుపే చూడవలెను. లోపమున్నదని డ్రైవరు చెప్పినప్పుడు, కిరాయి పోవునను భయమున యజమానుఁడు బండిని పంపినచో, ఆ నావధ్యక్షుని ఋణము అతనిదే యగును.