మద్రాసు విశ్వవిద్యాలయం – మన తెలుగు



చెన్నైలో మెరీనా తీరం వెంట వెళ్తుంటే, సముద్రానికి ఎదురుగా గుమ్మటాలతో ఒక పాత మేడ కనిపిస్తుంది. అది మద్రాసు విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్. రాబర్ట్ చిషోమ్ నమూనా ప్రకారం 1874లో మొదలుపెట్టి 1879లో పూర్తిచేశారు. విశ్వవిద్యాలయం మాత్రం అంతకు ముందే, 1857 సెప్టెంబరు 5న ఏర్పడింది. కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు వెలసిందీ ఆ ఏడాదే.

మూడింటికీ లండను విశ్వవిద్యాలయమే ఒరవడి. పాఠాలు చెప్పేవి కళాశాలలు. పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఆనాటి మద్రాసు రాజధాని గంజాం నుంచి తిరునల్వేలి దాకా ఉండేది. బరంపురం, పర్లాకిమిడి, బళ్లారి, హోసూరు అన్నీ అందులోవే. మద్రాసులో ప్రశ్నపత్రం ఎలా తయారైతే ఈ ఊళ్లలో చదువు అలా నడిచేది.

మరి ఆ పరీక్షలో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి? ఈ ప్రశ్న మీద పెద్ద వివాదమే జరిగింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకు చోటివ్వాలన్నారు. జయంతి రామయ్య పంతులుగారి పక్షం గ్రాంథికమే ఉండాలని పట్టుబట్టింది. విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘం నివేదికతో ఏకీభవించక, గురజాడ అప్పారావుగారు 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. అప్పటికి గ్రాంథికానిదే పైచేయి అయింది. మరుసటి ఏడాదే గురజాడవారు కన్నుమూశారు. కాని నేడు మీరు వింటున్న ఈ ప్రసంగం ఆయన కోరిన వాడుకభాషలోనే ఉంది!

1923 చట్టంతో బోధన, పరిశోధనలకు ప్రాధాన్యం పెరిగింది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వేరుగా ఏర్పడినా మద్రాసులో తెలుగు ఆగిపోలేదు. 1927లో ప్రాచ్య పరిశోధన సంస్థలో తెలుగు శాఖ నెలకొంది. అక్కడ కోరాడ రామకృష్ణయ్యగారు తెలుగును సోదర ద్రావిడ భాషలతో పోల్చి పరిశీలించారు. నిడుదవోలు వేంకటరావుగారు తంజావూరు, మధుర సీమల్లో పుట్టిన తెలుగు సాహిత్యాన్ని ‘దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము’ అనే గ్రంథంలో వివరించారు.

కనుక ఎల్లకు ఆవల ఉన్నంత మాత్రాన మన తెలుగు తక్కువదేమీ కాదు. దాన్ని పండితులే చరిత్రకెక్కించారు. అయితే చదివే పిల్లలు లేకపోతే ఎంత పాత శాఖైనా నిలవదు. మీ అమ్మాయో అబ్బాయో కళాశాలలో చేరేటప్పుడు, దరఖాస్తులో ‘భాష’ అన్న గడి నింపే ముందు, తెలుగు ఉందా అని ఒక్కమాట అడగండి.