ఖాళీ మెమరీ మీద మోజు

కంప్యూటర్ మొరాయిస్తే రీస్టార్ట్ కొట్టాలన్నది డీటీపీ సెంటర్ల కాలం నుంచి మన ఊళ్లలో పాతుకుపోయిన మాట. దానికి తోడుగా మరికొన్ని క్రతువులు కూడా వచ్చి చేరాయి. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి పదేపదే రిఫ్రెష్ కొట్టడం ఒకటి. రన్ పెట్టెలో టెంప్ అనీ ప్రీఫెచ్ అనీ టైప్ చేసి, దొరికిన ఫైళ్లన్నీ చెరిపేయడం మరొకటి. రిఫ్రెష్ చేసేదల్లా తెర మీది ఐకాన్లను మళ్లీ గీయించడమే, దానివల్ల మెమరీ ఏమీ ఖాళీ కాదు. ప్రీఫెచ్ ఫోల్డర్లో ఉండేది ఏ ప్రోగ్రాము తెరుచుకునేటప్పుడు ఏ ఫైళ్లు కావాలో విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి రాసిపెట్టుకుంటున్న చిట్టా. దాన్ని చెరిపితే తర్వాతిసారి ఆ ప్రోగ్రాము ఇంకా నిదానంగా తెరుచుకుంటుంది. రీస్టార్ట్‌ను మాత్రం వీటితో ఒకే గాటన కట్టలేం. ఒకప్పుడు అది సరైన వైద్యమే. అయితే ఆ వైద్యం ఏ జబ్బు కోసం పుట్టిందో ఆ జబ్బు ఇంటి కంప్యూటర్లలో 2001 తర్వాత దాదాపు పోయింది. అలవాటు మాత్రం మిగిలి, ఇప్పటి అసలు కారణాలను మన కంట పడనీయకుండా చేస్తోంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్ మొత్తమ్మీద 1 ఎంబీని మించి చూడలేదు. అందులో 384 కేబీ తెరకూ ఇతర హార్డ్‌వేర్‌కూ పోగా, మిగిలిన 640 కేబీలోనే డాస్, మౌస్ డ్రైవర్, వాడుకునే ప్రోగ్రాము అన్నీ సర్దుకోవాలి. ఏది ముందు ఎక్కాలో, ఏది 640 కేబీకి పైనున్న సందుల్లోకి పోవాలో కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అనే రెండు ఫైళ్లలో రాయాలి. రాసింది అమల్లోకి రావాలంటే మెషీన్ మళ్లీ మొదలవ్వాలి. 1993లో ఎంఎస్ డాస్ 6తో పాటు వచ్చిన మెమ్‌మేకర్ ఈ సర్దుబాటు తనకు వదిలేయమంది. తాను చేసిన అమరిక పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి అదీ కంప్యూటర్‌ను మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేసేది. ఐబీఎం ఇంజినీర్ డేవిడ్ బ్రాడ్లీ తమ బృందం రీస్టార్ట్ కోసం వాడుకోవడానికి పెట్టిన కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు జనం వేళ్లకు అంతగా అలవాటయ్యాయంటే కారణం ఇదే. ఆ రోజుల్లో మెమరీ నిర్వహణ అంటేనే రీస్టార్ట్.

విండోస్ వచ్చాక ఈ అలవాటుకు ఇంకా బలమైన కారణం దొరికింది. 1992 నాటి విండోస్ 3.1లో తెరిచిన ప్రతి విండో, మెనూ, ఐకాన్, వాడే ప్రతి ఫాంటు తమ వివరాలను యూజర్, జీడీఐ అనే భాగాల చేతిలో ఉన్న కొన్ని చిన్న గదుల్లో దాచుకునేవి. 16 బిట్ల చిరునామాలు కాబట్టి ఒక్కో గది 64 కేబీ దాటదు. రామ్ 4 ఎంబీ ఉన్నా 64 ఎంబీ ఉన్నా గది సైజు అంతే. డబ్బు పోసి రామ్ వేయించుకున్నవాళ్లకు కూడా సిస్టమ్ రిసోర్సులు చాలడం లేదన్న హెచ్చరిక కనిపించేది అందుకే. పైగా ఆ గదులు అన్ని ప్రోగ్రాములకూ ఉమ్మడి. ఒక ప్రోగ్రాము తాను తీసుకున్నది తిరిగి అప్పగించకుండా మూతపడితే ఆ చోటు ఇక ఎవరికీ దక్కదు. విండోస్ 95 కొంత భారాన్ని 32 బిట్ల గదుల్లోకి మార్చింది గానీ పాత గదులను పూర్తిగా వదలలేదు. పాత 16 బిట్ల ప్రోగ్రాములు వదిలేసిన చెత్త, ఆ రకం ప్రోగ్రాములన్నీ మూస్తేనే గానీ పోయేది కాదు. పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరల్‌డ్రా పక్కపక్కనే తెరిచి, వందల కొద్దీ తెలుగు ఫాంట్లతో పెళ్లిపత్రికలూ కరపత్రాలూ కూర్చే మన డీటీపీ ఆపరేటర్లు విండోస్ 98ను రోజుకు రెండుమూడు సార్లు రీస్టార్ట్ చేశారంటే అది మూఢనమ్మకం అనుకోవడానికి వీల్లేదు. తెరిచిన ప్రోగ్రాములన్నీ మూయడమో రీస్టార్ట్ చేయడమో తప్ప, నిండిపోయిన ఆ గదులను ఖాళీ చేసే వేరే దారి వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. ఆ వ్యవస్థ ఎంత దుర్బలమో చెప్పే మరో సంగతి ఉంది. మిల్లీసెకన్లను లెక్కపెట్టే 32 బిట్ల మీటరు 49.7 రోజులకు నిండిపోయి, విండోస్ 95, 98 అక్కడే బిగుసుకుపోయేవి. ఈ లోపం చాలా ఆలస్యంగా బయటపడింది. అన్ని రోజులు ఆపకుండా నడిచిన విండోస్ 95 మెషీన్లు ఎన్ని ఉంటాయి గనుక?

విచిత్రం ఏమిటంటే ఈ జబ్బుకు మందు ఇంటి కంప్యూటర్ పుట్టకముందే తెలుసు. 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్ చిన్న మెమరీనీ, డేటా దాచే పెద్ద డ్రమ్మునూ కలిపి ప్రోగ్రాముకు ఒకే పెద్ద మెమరీగా చూపించింది. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్, ఒక ప్రోగ్రాము ఏ సమయంలోనైనా తన పేజీల్లో, అంటే మెమరీ ముక్కల్లో, కొన్నింటినే చురుగ్గా వాడుతుందనీ, ఆ కొన్నీ మెమరీలో ఉంటే చాలనీ చూపాడు. నడుస్తున్న ప్రోగ్రాములన్నిటి చురుకైన పేజీలు కలిపి మెమరీని మించితే, యంత్రం అసలు పని మానేసి పేజీలు మార్చడంతోనే సరిపెడుతుందని కూడా చెప్పాడు. డెక్ కంపెనీ నుంచి వచ్చిన డేవ్ కట్లర్ బృందం 1993లో తెచ్చిన విండోస్ ఎన్‌టీ ఈ పునాదుల మీద కట్టిందే. అందులో ప్రతి ప్రోగ్రాముకూ విడి చిరునామా ప్రపంచం ఉంటుంది. అది మూతపడగానే దాని మెమరీ అంతా వ్యవస్థ లాగేసుకుంటుంది, అది అప్పగించినా అప్పగించకపోయినా. 2001లో ఎక్స్‌పీ రూపంలో ఇదే ఇళ్లలోకి వచ్చింది. ఆ రోజు నుంచి ఒక ప్రోగ్రామును మూయడమంటే, ఆ ప్రోగ్రాము మేరకు, రీస్టార్ట్ చేసినట్టే.

అయినా అలవాటు పోకపోవడానికి కారణం అంకెల మీద మోజు. ఖాళీ మెమరీ అంకె ఎంత పెద్దదైతే కంప్యూటర్ అంత ఆరోగ్యంగా ఉన్నట్టని జనం నమ్మారు, ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకున్నవాళ్లూ ఉన్నారు. 1995లో సింక్రోనిస్ అనే అమెరికన్ కంపెనీ సాఫ్ట్‌రామ్ 95 పేరుతో మెమరీని రెట్టింపు చేస్తామని లక్షల కాపీలు అమ్మింది. విప్పి చూసినవాళ్లకు అది ఆ పనేదీ చేయడం లేదని తేలింది, మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యకు దిగింది. తర్వాత వచ్చిన మెమరీ ఆప్టిమైజర్లు ఇంకాస్త తెలివైనవి. వాటిలో చాలావరకు తామే పెద్ద మొత్తంలో మెమరీ అడిగి, మిగతా ప్రోగ్రాముల పేజీలు బయటికి పోయేలా చేసి, తీసుకున్నది వదిలేస్తాయి. అంకె పెరుగుతుంది. వెళ్లగొట్టిన పేజీలన్నీ మరుక్షణం నుంచి డిస్కు దగ్గర క్యూ కడతాయి. ఈ మాయను విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ వివరంగా రాసి బయటపెట్టాడు, అయినా అలాంటి సరుకు ఇప్పటికీ దొరుకుతూనే ఉంది. 2007లో విస్టా ఖాళీగా పడి ఉన్న మెమరీలోకి మీరు తరచూ వాడే ప్రోగ్రాములను ముందే తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది. టాస్క్ మేనేజర్లో ఖాళీ అంకె సున్నా దగ్గరికి పడిపోవడం చూసి జనం హడలిపోయారు. నిజానికి ఖాళీ మెమరీ అద్దె కట్టి తాళం వేసి ఉంచిన కొట్టు లాంటిది. అడిగిన వెంటనే వదిలేయగలిగిన మెమరీని వాడినదాని కింద లెక్కవేయకూడదు. 2009లో విండోస్ 7 టాస్క్ మేనేజర్ ఖాళీ అంకె పక్కన అందుబాటులో ఉన్న మెమరీ ఎంతో కూడా చూపించింది. చూడాల్సింది ఆ అంకెను.

రీస్టార్ట్ చేస్తే పని జరుగుతోంది కదా, ఈ చర్చ అంతా దేనికి అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, జరుగుతుంది, దోషితో పాటు నిర్దోషులందరినీ బయటికి పంపేస్తుంది కాబట్టి. ఎవరు దోషో మాత్రం తెలియదు, రేపు అదే కథ. బ్రౌజర్ల చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. ఫైర్‌ఫాక్స్ మెమరీ మింగేస్తుందన్న చెడ్డపేరు పోగొట్టుకోవడానికి 2011లో మొజిల్లా మెమ్‌ష్రింక్ అనే పనిని చేపట్టింది. ఏ భాగం ఎంత పట్టుకుందో విడివిడిగా కొలిచి చూస్తే, పెద్ద దోషుల్లో బయటివాళ్లు రాసిన యాడాన్లు ఉన్నాయని తేలింది. 2012లో ఫైర్‌ఫాక్స్ 15 యాడాన్ల వల్ల మెమరీ కారిపోవడానికి చాలావరకు అడ్డుకట్ట వేసింది. దోషి దొరికింది కొలవడం వల్ల. ఆ కొలత ఇప్పుడు మన చేతిలోనూ ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది; క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబ్ ఎంత తింటోందో కనిపిస్తుంది. ఆ ఒక్కదాన్ని మూస్తే చాలు.

ఇంకా గట్టి అభ్యంతరం డ్రైవర్లది. అవి విండోస్ నడిబొడ్డైన కర్నెల్లో భాగంగా నడుస్తాయి కనుక అక్కడ కారిన మెమరీని ఏ ప్రోగ్రామును మూసినా రాబట్టలేం, రీస్టార్ట్ ఒక్కటే దారి. ఒప్పుకోవాల్సిందే. టాస్క్ మేనేజర్లో నాన్ పేజ్డ్ పూల్ అంకె రోజురోజుకూ పెరుగుతూ పోతుంటే అనుమానం అటే పోవాలి, శాశ్వత పరిష్కారం మాత్రం కొత్త డ్రైవర్. ఇక 4 జీబీ ల్యాప్‌టాప్ వాళ్ల బాధ వేరు. వాళ్లది డెన్నింగ్ చెప్పిన స్థితి, కావాల్సింది ఉన్నదానికంటే ఎక్కువ. రీస్టార్ట్ చేసినా అవే ట్యాబులు తెరవగానే మళ్లీ అక్కడికే వస్తారు. 2015 నుంచి విండోస్ 10 వాడని పేజీలను కుదించి మెమరీలోనే ఉంచుతోంది, 2022 చివర్లో క్రోమ్ కూడా వాడని ట్యాబులను వదిలేసే సదుపాయం తెచ్చింది, ఇవి కొంత ఊరట. స్టార్టప్‌లో తామంతట తామే లేచే ప్రోగ్రాములను ఆపేయడం, వీలైతే రామ్ పెంచుకోవడం అసలు మందు.

రోజూ రాత్రి కంప్యూటర్ ఆపేస్తాం కాబట్టే అది బాగుంటోందని చెప్పేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 2012లో విండోస్ 8 తెచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్న కంప్యూటర్లో షట్‌డౌన్ నొక్కితే ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, కర్నెల్ డిస్కు మీదికి చేరి పొద్దున్నే అలాగే తిరిగొస్తుంది. కొత్తగా మొదలయ్యేది మెనూలో రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రమే. టాస్క్ మేనేజర్లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ తెరిచి, అప్ టైమ్ అని ఉన్నచోట ఎన్ని రోజులు చూపిస్తోందో చూడండి.