గొర్రె, మేక, బర్రె, గొంగడి: వీటిలో వేరేది ఏది?

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. గొర్రె, మేక, బర్రె, గొంగడి. ఈ నాలుగింట్లో సంబంధం లేనిది ఏది?

మీలో చాలామంది ఈపాటికే గొంగడి అనేసి ఉంటారు. నేనూ అదే అంటా. మూడు జంతువులు, ఒకటి వస్తువు. బీటెక్‌లోనూ ఆఫీసులోనూ క్లాసులు, ఆబ్జెక్టులు అంటూ బతికినోణ్ణి, నాకు ఇంకోటి తోచదు. కానీ పాలమూరులో గొర్లు కాసే తాత వైపు నుంచి చూడండి. గొర్రె, మేక ఒకే మందలో పోతాయి. గొర్రె ఉన్నితోనే గొంగడి నేస్తారు. వానొచ్చినా, చలిపెట్టినా ఆయనకు అదే దిక్కు. కాబట్టి పక్కన పెట్టాల్సింది బర్రెను. ఇది తప్పెట్లా అవుతుంది?

ఈ ప్రశ్న నేను అల్లిందే. కానీ ఇలాంటిదే నిజంగా జరిగింది. 1931, 1932లో అలెగ్జాండర్ లూరియా అనే సోవియట్ సైకాలజిస్ట్ ఉజ్బెకిస్తాన్ పల్లెలకు పోయి, బడి మొహం చూడని రైతులకు సుత్తి, రంపం, గొడ్డలి, కట్టెమొద్దు చూపించాడు. ఒకటి తీసేయమంటే వాళ్లు మొద్దును వదలడానికి ఒప్పుకోలేదు. మొద్దే లేకపోతే రంపం దేన్ని కోయాలె? "మూడూ పనిముట్లు కదా" అని చెప్పి చూసినా కదల్లేదు. అదే ప్రాంతంలో ఒకట్రెండేళ్లు చదువుకున్నోళ్లు మాత్రం మొద్దును టకీమని తీసేశారు. ఏడాదిలో మెదడు మారిపోదు కదా! మారింది అలవాటు.

పల్లె జనాన్ని తక్కువ చేస్తున్నాడని లూరియా మీద విమర్శలొచ్చాయి. ఆ పుస్తకం 1974 దాకా బయటికి రాలేదు. నా మటుకు, పుస్తకం ఆగిపోవడం అన్యాయం, కానీ ఆ విమర్శలో కొంత నిజం ఉంది. బడి నేర్పే పద్ధతే పై మెట్టు అని ఆయన నమ్మాడు.

ఆ తర్వాతి కాలంలో ఆఫ్రికాలోని లైబీరియాలో జరిగిన ముచ్చట నాకు ఇంకా ఇష్టం. అక్కడి క్పెల్లె రైతులు కత్తిని నారింజపండుతో జత చేశారు. తెలివైనోడు ఇట్లాగే చేస్తాడన్నారు. "మరి తెలివి తక్కువోడైతే?" అని అడిగితే, పనిముట్లు ఒక పక్క, తిండి ఒక పక్క చక్కగా సర్దేశారు! అంటే మన పద్ధతి వాళ్లకు చేతకాక కాదు.

ఇదంతా మనకెందుకంటే, 2011 లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకన్నా తక్కువ. అలాంటి ఇంట్లో మొదటిసారి బడికి పోయే పిల్ల చలకుర్తిలోనో వట్టెంలోనో నవోదయ సీటు కోసం పరీక్ష రాస్తుంది. మెంటల్ ఎబిలిటీకే 100లో 50 మార్కులు. అందులో మొదటి భాగమే, వేరుగా ఉన్న బొమ్మను గుర్తించడం. బొమ్మలే కాబట్టి భాషతో పని లేదంటారు. నిజమే. కానీ పేపరు పెట్టినోళ్లు ఏ పోలిక వెతకమంటున్నారో కనిపెట్టడం మాత్రం ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాల్సిందే. మీ తమ్ముడో చెల్లెలో తప్పు పెడితే కొట్టేయకండి, "ఎందుకు పెట్టినవ్?" అని అడగండి. పరీక్షలో ఏం పెట్టాలో ఆ తర్వాత చెప్పొచ్చు.

పోయే ముందు ఇంకోటి. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, డిండి. మూడు కృష్ణ మీద ఉన్నాయి, కాబట్టి పరీక్షలో డిండి. కానీ శ్రీశైలం నీళ్లల్లో ఊరు మునిగిపోయిన కొల్లాపూర్ వైపు పెద్దోళ్లను అడిగి చూడండి. వాళ్లు దేన్ని పక్కన పెట్టారో, ఎందుకో కామెంట్‌లో రాయండి.