పేరు పాణ్యమునది, బలము కల్లూరిది

కర్నూలు నగరవీథుల వెంట కల్లూరు వైపు నడచిపోవు బాటసారికి ఎచ్చట నొక శాసనసభా నియోజకవర్గము ముగిసి వేఱొకటి మొదలైనదో గుర్తింప శక్యము గాదు. ఇరువైపుల నవియే అంగళ్లు, అవియే ఆటోలు, పన్ను గట్టించుకొను నగరపాలక సంస్థయు నొక్కటియే. అయినను కల్లూరు పట్టణవాసి ఓటు చేరునది కర్నూలునకు గాదు. ఏబది కిలోమీటర్లకు పైబడిన దూరమున, నంద్యాల చేరువ నున్న పాణ్యము పేర వెలసిన నియోజకవర్గమునకు.

2008 నాటి పునర్విభజనోత్తర్వుల ననుసరించి కల్లూరు, ఓర్వకల్లు, పాణ్యం, గడివేముల అను నాలుగు మండలములు దీని యంగములు. శ్రీశైల జలాశయపు ముంపు వలన తరలివచ్చిన రూపాల సంగమేశ్వరాలయమునకు నెలవైన జగన్నాథగట్టు నగరపు టంచున నుండగా, కడపకు బోవు రహదారి దాని నటుంచి, పొదుపు సంఘములకు ప్రసిద్ధి గన్న ఓర్వకల్లు శిలావనముల మీదుగా, 2021లో విమానములు దిగ మొదలిడిన మైదానము ప్రక్కగా, ఎఱ్ఱమలలను దాటి పాణ్యము చేరును. గని, శకునాల గ్రామముల బీళ్లలో 2017 నాటికి వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది. వానచినుకునకై మొగము వాచిన నేలకు ఎండయే పంటయైనది. గడివేముల మండలమున కాలువ పాఱు నేల కథ వేఱు. 1860 ప్రాంతముల మదరాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల వద్ద తుంగభద్ర కడ్డుకట్ట వేసి త్రవ్వింపగా, నష్టముల పాలైన పిదప 1882లో ప్రభుత్వము కొనివేసిన కర్నూలు-కడప కాలువ, జనులు కే.సీ. కాలువ యని పిలుచునది, ఆ మండలమున వరి పండించుచున్నది.

ఈ నేల యోటరు గాలివాటున బోవువాడు గాడని పాత యెన్నికలు చాటుచున్నవి. ఇందిరా కాంగ్రెసు రాష్ట్రమును గెలిచిన 1978లో ఇచ్చట జనతా పక్షపు ఏరాసు అయ్యపురెడ్డి గెలిచెను. 1983లో మాత్రము తెలుగుదేశపు టుప్పెనతో పాటు చల్లా రామకృష్ణారెడ్డి వచ్చెను గాని, ఆ పక్షమే 202 స్థానములు గెలుచుకొన్న 1985లో కాంగ్రెసు వాడైన కాటసాని రాంభూపాలరెడ్డి తొలి విజయము నందెను.

పాణ్యము దేశము దృష్టి కెక్కినది మాత్రము తదుపరి దశాబ్దారంభమున. 1991 నవంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు నంద్యాల లోక్‌సభ స్థానమునకు నిలువగా, తెలుగువాడు ప్రధాని యైనాడని ఎన్.టి. రామారావు పోటీయే పెట్టలేదు. అయిదు లక్షల యెనుబది వేలకు పైబడిన నాటి యాధిక్యమున పాణ్యము పాలును గలదు. మఱు సంవత్సరము అక్టోబరున కర్నూలు పార్లమెంటు సభ్యుడైన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి కాగా, శాసనమండలి 1985లోనే రద్దయి యుండుటచే, ఆఱు నెలలలో శాసనసభకు ఎన్నికగుట తప్ప వేఱు త్రోవ లేకపోయెను. అప్పటి పాణ్యము శాసనసభ్యుడైన కాటసాని రాజీనామా చేసి త్రోవ విడిచెను. 1993 ఉపయెన్నికలో కోట్ల గెలిచెను. రెండేండ్లు నిండక మునుపే ఒక ప్రధానిని, ఒక ముఖ్యమంత్రిని చట్టసభలకు పంపిన యోటర్లు మఱి యెచ్చట నైన నుందురో లేదో! 1994లో కాంగ్రెసు రాష్ట్రమంతటను 26 స్థానములకు కుదించుకొనిపోగా, అందొకటి కాటసాని తిరిగి గెలిచిన పాణ్యమే.

1999లో తెలుగుదేశపు బిజ్జం పార్థసారథిరెడ్డి, 2004, 2009లలో మరల కాటసాని గెలిచిరి. నందికొట్కూరు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడగా అచ్చటి పూర్వ శాసనసభ్యురాలు గౌరు చరితారెడ్డి ఇటు వచ్చి 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున గెలిచెను. 2019లో ఆ పక్షమున కాటసాని, తెలుగుదేశమున చరిత నిలువగా ఆయన గెలుపు. 2024లో ఆమె గెలుపు. రెండు మార్లును అంతరము నలుబది వేలు దాటినది. వ్యక్తులు వారే, పక్షములు నవియే, ఊగినది ఓటరే. ఊరి పెద్ద మాట కట్టుబాటుగా నుండిన పల్లెల కంటె, ఎక్కడెక్కడి నుండియో వచ్చి కల్లూరు కాలనీలలో నిల్లు గట్టుకొన్న యుద్యోగి, కూలి, వర్తకుడు రాష్ట్రపు గాలిని త్వరగా పసిగట్టుటయే ఇందుకు హేతువని నా యూహ.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా యేర్పడినప్పుడు పాణ్యం, గడివేములలు అందు చేరగా, కల్లూరు, ఓర్వకల్లులు కర్నూలు జిల్లాలోనే నిలిచినవి. కావున కల్లూరు పట్టణవాసికి కలెక్టరు కర్నూలున, పార్లమెంటు స్థానము నంద్యాల. మూడు లక్షలు మించిన యోటర్ల ఈ నియోజకవర్గమును రాబోవు పునర్విభజనమున మరల కొలుచువారు, కల్లూరు వార్డులను కర్నూలు నగరముతో గలిపి లెక్కించుట యుక్తము.